బంతి ఇచ్చారు సరే, నేర్పేదెవరు?

నెట్‌వర్క్ లేని గూడెం ఏజెన్సీలో ఇంకా చాలానే ఉన్నయి. నెట్ లేని గూడెం మాత్రం దొరకదు. ఉట్నూరు నుంచి ఏటూరునాగారం దాకా, భద్రాచలం, చింతూరు మీదుగా పాడేరు, సీతంపేట దాకా ఎక్కడికైనా సాయంత్రం పూట పోయి చూడండి. రెండు గుంజలు, మధ్యలో చిరిగి ముడేసిన వాలీబాల్ నెట్, అటు ఆరుగురు ఇటు ఆరుగురు, చుట్టూ తమ వంతు కోసం చూసే పిల్లలు. క్రికెట్‌కి పెద్ద మైదానం కావాలి, బ్యాటు కావాలి. ఈ ఆటకి ఒక్క బంతి చాలు. అందుకే ఇది మన ఆటయింది. 1895లో అమెరికాలో విలియం మోర్గాన్ అనే ఆయన బాస్కెట్‌బాల్ కన్నా ఒంటికి శ్రమ తక్కువ ఉండాలని ఈ ఆటను తయారు చేశాడట. మొరం నేల మీద ఉత్త కాళ్లతో ఎగిరి స్మాష్ కొట్టే మన పోరగాళ్లను ఆయన చూడలేదు, పాపం.

ఇంతమంది, ఇన్నేళ్లుగా, ఇంత ఇష్టంగా ఆడుతున్నారు కదా. మీ మండలం నుంచి రాష్ట్ర జట్టుకి ఆడినవాళ్లు ఎంతమంది? జిల్లా సెలక్షన్ దాకా పోయి వచ్చినోళ్లు ఎంతమంది? అందులో ఆడపిల్లలు ఎందరు? ఒకసారి కూర్చుని లెక్కపెట్టండి. ఆ లెక్క చూశాక కూడా మన పిల్లలకి ప్రతిభ లేదని ఎవరైనా అంటే వాళ్లతో వాదన అనవసరం. ప్రతిభ ఉంది, దాన్ని పట్టుకుని ఏడాది పొడవునా నిలబడే మనిషి లేడు. ఈసారి మేం రాస్తున్నది ఆ మనిషి గురించి, ఆ మనిషి చుట్టూ ఉండాల్సిన క్లబ్ గురించి.

బంతులు ఇచ్చేవాళ్లకు కొదవ లేదు. పోలీసులు మారుమూల గూడేలకు వచ్చి వాలీబాల్ కిట్లు పంచుతారు, టోర్నమెంట్లు పెడతారు. ఎన్నికల ముందు నాయకులు పంచుతారు. 2022లో తెలంగాణ ప్రభుత్వం ఊరూరా క్రీడా ప్రాంగణాలు అన్నది. చాలా చోట్ల బోర్డు నిలబడ్డది, దాని కింద గడ్డి కూడా నిలబడ్డది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబర్‌లో ‘ఆడుదాం ఆంధ్రా’ మొదలైంది, అందులో వాలీబాల్ కూడా ఉంది. ఫిబ్రవరిలో విశాఖలో ముగింపు సభ అయింది. మార్చిలో మీ ఊరి పిల్లలకి ఎవరు నేర్పారు?

పోలీసులు పెట్టే టోర్నమెంట్‌కి పోవద్దని మేం ఎవరికీ చెప్పం. ఆడాలనే ఆశ ఉన్న పిల్లాడు ఎక్కడ నెట్ కడితే అక్కడికి పోతాడు, పోనివ్వండి. కానీ ఒక్కటి గమనించాలి. అక్కడ ఆట ఒక సాధనం మాత్రమే. లక్ష్యం వేరే ఉంటది. మరుసటి రోజు పేపర్లో మన పిల్లల ఫోటో కింద ‘మావోయిస్టు ప్రభావిత ప్రాంత యువత’ అని రాస్తారు. ఆ పిల్లాడు సెట్టరా, బ్లాకరా అన్నది ఎవరికీ పట్టదు. వాడిని మంచి ఆటగాడిగా చూసే కన్ను కావాలంటే అది ఊళ్లోంచే రావాలి.

మన యువజన సంఘాలు పెట్టే టోర్నమెంట్ల సంగతి కూడా మాట్లాడుకోవాలి. సంక్రాంతికో, జాతరకో ఎంట్రీ ఫీజు పెట్టి, నగదు బహుమతి పెడతాం. ప్రైజ్ పెద్దదయ్యేకొద్దీ పట్నం నుంచి గెస్ట్ ప్లేయర్లు దిగుతారు. ఊరి పేరు జెర్సీ మీద ఉంటది, జెర్సీ లోపల ఊరివాడు ఉండడు. పదిహేనేళ్ల పిల్లాడు నీళ్ల బాటిళ్లు మోస్తాడు. రాత్రికి పందేలు, మందు. ఆరుగురిలో కనీసం నలుగురు సొంత పంచాయతీ వాళ్లు, అందులో ఒకరైనా పద్దెనిమిది నిండనివాళ్లు ఉండాలని నిబంధన పెట్టడానికి పైసా ఖర్చు లేదు. పెడితే వచ్చే ఏడాదికల్లా ఊళ్లో పిల్లలకి ప్రాక్టీస్ తనంతట తానే మొదలవుతది.

ఇక నేర్పడం అంటే ఏంటి? మన గూడేల్లో ఆట ఎట్లా సాగుతదో అందరికీ తెలుసు. పొడుగ్గా ఉన్న అన్న నెట్ దగ్గర నిలబడతాడు, పొద్దుగూకేదాకా ఆయనే కొడతాడు. లిఫ్ట్ ఇచ్చేవాడు లిఫ్టే ఇస్తాడు. వెనకాల చిన్నోళ్లు బంతి ఏరుకొస్తారు. రొటేషన్ అన్న మాటే లేదు. ఇట్లా ఐదేళ్లు ఆడిన పిల్లాడు సెలక్షన్‌కి పోతే అక్కడ సర్వీస్ మారిన ప్రతిసారీ స్థానం మారాలి. వాడికి ముందు వరుసలో ఏం చెయ్యాలో తెలుసు, వెనక వరుసలో సర్వీస్ అందుకోవడం తెలియదు. పది నిమిషాల్లో పక్కన కూర్చోబెడతారు. తప్పు వాడిది కాదు. అండర్‌హ్యాండ్ పాస్ ఆరు నెలలు ఓపికగా నేర్పేవాళ్లు ఉంటే వాడు ఆ రోజు నిలబడేవాడు.

ఎత్తు సంగతీ అంతే. మనవాళ్లు పొట్టి, వాలీబాల్‌కి పనికిరారు అని సెలక్షన్ల దగ్గర చులకనగా అనేవాళ్లు ఉన్నారు. పిల్లల ఎత్తు తిండిని బట్టి కూడా ఉంటదన్న సంగతి పక్కన పెడదాం. 1998లో అంతర్జాతీయ నిబంధనల్లో లిబరో అనే స్థానం వచ్చింది. వేరే రంగు జెర్సీ వేసుకుని వెనక వరుసలోనే ఆడే ఆటగాడు. నెట్ మీంచి స్మాష్ కొట్టడు, బ్లాక్ చెయ్యడు, సర్వీస్ అందుకుని నేలను కాపాడతాడు. దానికి కావాల్సింది ఎత్తు కాదు, చురుకైన కాళ్లు, భయం లేని మోచేతులు. వాగుల్లో చేపలు పట్టి, గట్లు దూకి పెరిగిన పిల్లలకి ఈ రెండూ ఉన్నయి. మన కోచ్‌కి ఈ స్థానం గురించి తెలిస్తేనే కదా ఆ పిల్లని దానికి తయారుచేసేది.

చిన్న పిల్లలకి పెద్దోళ్ల నెట్ కట్టొద్దు. మగవాళ్ల నెట్ ఎత్తు 2.43 మీటర్లు, ఆడవాళ్లది 2.24. పదకొండేళ్ల పిల్లకి అదే నెట్ పెడితే ఆట రాదు, భుజం నొప్పి వస్తది. చెయ్యి చాచి చిన్నగా ఎగిరితే వేళ్లు నెట్ పైకి అందాలి, అంత ఎత్తులో కట్టండి. అసలు బంతి బరువు 260 నుంచి 280 గ్రాములు. వానలో నానిన పాత తోలు బంతి ఇంకా బరువెక్కుతది, దాంతో చిన్నోళ్లతో సర్వీస్ కొట్టించొద్దు. తేలిక రబ్బరు బంతి చాలు. పన్నెండు నుంచి పదిహేనేళ్ల మధ్య ఎదిగే వయసులో మోకాలి చిప్ప కింద ఎముక దగ్గర నొప్పి అనే పిల్లలు చాలామంది. గట్టి నేల మీద రోజూ వందసార్లు ఎగిరిస్తే అది ముదురుతది. అప్పుడు ఎగిరే పని తగ్గించి పాసింగ్ చేయించాలి. ‘ఓర్చుకో’ అనకూడదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. నేర్పేవాళ్లు ఎవరైనా సరే, మన ప్రాంతంలో మొదట తెలుసుకోవాల్సింది సికిల్ సెల్ గురించి. కొడవలి కణాల రక్తహీనత అంటాం. మన ఆదివాసీ కుటుంబాల్లో ఇది తరతరాలుగా ఉంది. 2023 జూలై 1న కేంద్రం దీని నిర్మూలన కోసం జాతీయ మిషన్ మొదలుపెట్టింది. నలభై ఏళ్ల లోపు ఏడు కోట్ల మందికి పరీక్షలు చేస్తామని చెప్పింది. ఆశ్రమ పాఠశాలల్లో, పీహెచ్‌సీల్లో పరీక్షలు జరుగుతున్నయి, కార్డులు ఇస్తున్నారు. ఆ కార్డు ఇంట్లో దూలానికి చెక్కి ఉంటది. పిల్లవాడు కోర్టులో ఉంటాడు. నేర్పేవాడికి ఆ సంగతి తెలియదు.

తెలియకపోతే ఏమవుతది? జబ్బు ఉన్న పిల్లలకి ఒంట్లో నీళ్లు తగ్గినా, బాగా అలిసిపోయినా, చలి కొట్టినా రక్తకణాలు వంకర తిరిగి సన్నని నాళాల్లో ఇరుక్కుంటయి. ఎముకల్లో, కడుపులో, ఛాతీలో భరించలేని నొప్పి వస్తది. ప్రాణం మీదికీ రావచ్చు. ఒక్క తల్లి లేదా తండ్రి నుంచి మాత్రమే ఆ లక్షణం వచ్చిన పిల్లలకు మామూలుగా ఏ ఇబ్బందీ ఉండదు, అందరిలాగే ఆడొచ్చు. కానీ ఎండలో, నీళ్లు లేకుండా, ఆగనివ్వకుండా పరుగెత్తిస్తే అరుదుగానైనా వాళ్లకూ ప్రమాదం ఉంది. మరి మన గ్రౌండ్లలో శిక్ష అంటే ఏంటి? ‘పది రౌండ్లు కొట్టు, అప్పటిదాకా నీళ్లు లేవు.’ ఊరికే అలవాటుగా వచ్చిన ఈ శిక్ష మన పిల్లల మీద విషంలాగా పనిచేస్తది. చింతపల్లి, పాడేరు వైపు డిసెంబర్‌లో మంచు పడే వేళ తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం చేయించి పరుగు పెట్టించడం కూడా అంతే.

కాబట్టి క్లబ్బులో నీళ్లకు అనుమతి అడిగే పద్ధతే ఉండొద్దు. కుండ కోర్టు పక్కనే ఉండాలి, ఎవరికి దాహమేస్తే వాళ్లు తాగాలి. శిక్షగా పరుగు ఉండొద్దు. మొదటి రోజే రెండు గంటలు కాకుండా వారం వారం మెల్లగా పెంచాలి. ఎముకల నొప్పి, కళ్లు పచ్చబడటం, జ్వరం, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే ఆట ఆపి పీహెచ్‌సీకి తీసుకుపోవాలి, రేపు చూద్దాం అనొద్దు. జబ్బు ఉన్న పిల్లలు ఎంత ఆడొచ్చో డాక్టర్ చెప్తారు. ఆడలేని రోజు స్కోరు రాయనివ్వండి, రిఫరీగా నిలబెట్టండి, జట్టులోనే ఉంచండి. ఇంకో సంగతి. ఎవరికి ఏ కార్డు ఉందో నేర్పేవాళ్లకీ ఇంటివాళ్లకీ తప్ప మరొకరికి తెలియకూడదు. రేపు ఆ పిల్ల పెళ్లి మాటల్లో ఈ ముచ్చట వస్తే ఆ పాపం క్లబ్‌ది అవుతది.

కాలం సంగతి చూద్దాం. ఎండాకాలం శిక్షణ శిబిరాలు మే నెలలో పెడతారు. పట్నం పిల్లలకి అది సెలవు. మనకి అది తునికాకు. తెల్లారకముందే అమ్మానాన్నలతో అడవికి పోయి, మధ్యాహ్నం యాభై ఆకుల కట్టలు కట్టి, సాయంత్రం కల్లంలో అప్పజెప్తేనే ఆ ఇంటికి ఏడాదిలో చేతికొచ్చే నగదు. దానికి ముందు మార్చి, ఏప్రిల్‌లలో ఇప్పపువ్వు. వానలు పడితే నాట్లు. శిబిరానికి ఆదివాసీ పిల్లలు రాలేదు, ఆసక్తి లేదు అని రిపోర్టు రాసేవాళ్లు ఈ లెక్క వేసుకోలేదు. మన క్లబ్ మన క్యాలెండర్ మీద నడవాలి. తునికాకు రోజుల్లో వారానికి ఒక్క సాయంత్రం గంట చాలు. కోతలు అయిపోయాక, జనవరి, ఫిబ్రవరిలలో గట్టిగా పట్టుకోవచ్చు. నాలుగు గూడేల పిల్లలు ఒకచోట కలవాలంటే సంత రోజే అనువు, ఎట్లాగూ అందరూ దిగివస్తారు.

భాష కూడా ఆటలో భాగమే. కోయ, గోండి, కువి మాట్లాడే పిల్లకి తెలుగులో గద్దిస్తే సగం అర్థం కాదు, మిగతా సగం భయం. అన్నా అని పిలిపించుకునేవాడు, అక్కా అని పిలిపించుకునేది నేర్పితే పిల్లలు అడుగుతారు. సందేహం అడిగిన పిల్లలే నేర్చుకుంటారు. అందుకే బయటి నుంచి ఒక సార్ రావాలని ఎదురుచూడటం మానేద్దాం. ఒకప్పుడు బాగా ఆడి, ఇప్పుడు ట్రాక్టర్ తోలుకునే అన్నలు, పెళ్లయి ఆట మానేసిన అక్కలు ప్రతి పంచాయతీలో ఉన్నారు. పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ నడిపే ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సులో వాలీబాల్ ఉంది. ప్రతి ఐటీడీఏ ఏటా కొంతమంది ఆదివాసీ యువతీ యువకులను సొంత ఖర్చుతో ఆ కోర్సుకి పంపాలి, వచ్చాక నెలకింత గౌరవ వేతనం ఇవ్వాలి. కిట్లకు నిధులు ఉన్నప్పుడు మనిషికి ఎందుకు ఉండవు? గిరిజన దర్బార్‌కి పోయినప్పుడు ఈ ఒక్క డిమాండ్ రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి.

ఆడపిల్లల గురించి వేరే చెప్పాల్సి రావడమే బాధ. గ్రౌండు సాయంత్రం అన్నలది. చెల్లెళ్లకు ఆ వేళకి నీళ్లు, పొయ్యి, తమ్ముడు. వాళ్లకి సమయం కేటాయించకపోతే వాళ్లు రారు. వారంలో మూడు రోజులు మొదటి గంట ఆడపిల్లలదే అని రాసి గోడకి అంటించండి. ఆ గంట అన్నలు బంతి ఏరుకొచ్చినా తప్పులేదు. ఏ బట్టల్లో ఆడాలన్నది వాళ్ల ఇష్టం, లెగ్గింగ్స్ మీద టీషర్ట్ వేసుకున్నా పాస్ పాసే. నెలసరి రోజుల్లో ఆడతారో లేదో వాళ్లే చెప్తారు, ఎవరూ అడగొద్దు. జిల్లా సెలక్షన్‌కి తీసుకుపోతే వెంట ఒక అక్క తప్పనిసరి. ఏ పెద్ద మనిషీ ఏ పిల్లతోనూ ఒంటరిగా ప్రయాణం చెయ్యొద్దు, రాత్రి పూట గదిలో ఉండొద్దు. ఇది ఎవరి మీదో అనుమానంతో పెట్టే నియమం కాదు, అందరికీ ఒకటే నియమం. 2012 నాటి పోక్సో చట్టం ఉందన్న సంగతి నేర్పేవాళ్లందరికీ చదివి వినిపించండి.

మన ఇరుగుపొరుగు నుంచి ఒకటి నేర్చుకోవాలి. జార్ఖండ్‌లో సిండెగా, ఒడిశాలో సుందర్‌గఢ్ జిల్లాల్లో ఊరి హాకీ పోటీలకి బహుమతి మేక. గెలిచిన ఊరు దాన్ని వండుకు తింటది. మన టోర్నమెంట్లకీ వాటికీ అక్కడిదాకా పెద్ద తేడా లేదు. తేడా ఆ తర్వాత ఉంది. మేక గెలిచిన పిల్లని చూసి తీసుకుపోయే హాస్టల్ అక్కడ ఉంది. రూర్కెలాలో పాన్‌పోష్ క్రీడా హాస్టల్ 1985 నుంచి నడుస్తున్నది. దిలీప్ తిర్కీ ఆ నేల నుంచే వచ్చి భారత జట్టుకి కెప్టెన్ అయ్యాడు. సిండెగా నుంచి సలీమా టెటే వచ్చింది. అంతకు చాలా ముందు, 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టు కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా. ఆ మనిషే తర్వాత రాజ్యాంగ సభలో నిలబడి ఆదివాసీల తరఫున మాట్లాడాడు. ఆట వేరు, హక్కుల పోరాటం వేరు అనే మిత్రులకి ఈ ఒక్క పేరు చాలు.

మనకీ పాల్వంచ దగ్గర కిన్నెరసానిలో గిరిజన క్రీడా పాఠశాల ఉంది. అట్లాంటివి ఇంకా కావాలి, ఉన్నవాటిలో నేర్పేవాళ్లకి సరైన జీతం కావాలి. కానీ అక్కడికి చేరే పిల్ల ముందు గూడెంలో తయారవ్వాలి. కేరళలో పేరావూరు అనే ఊళ్లో జిమ్మీ జార్జ్ ఆట నేర్చుకున్నది తండ్రి దగ్గర. ఆ అన్నదమ్ములంతా ఒక జట్టుగా ఆడేవాళ్లు. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన మన దేశ జట్టులో జిమ్మీ ఉన్నాడు. ఆ తర్వాత ఆసియా క్రీడల్లో మన మగవాళ్ల వాలీబాల్‌కి పతకమే రాలేదు.

పతకాలు సరే, అందరూ అక్కడిదాకా పోరు. ఎక్కువమందికి పనికొచ్చేది సర్టిఫికెట్. తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకి 2 శాతం కోటా ఉంది, వాలీబాల్ ఆ జాబితాలో ఉంది. కానీ జాతరలో గెలిచిన కప్పు అక్కడ చెల్లదు. గుర్తింపు ఉన్న పోటీల్లో, స్కూల్ గేమ్స్‌లో ఆడినట్టు పత్రం ఉండాలి. స్కూల్ గేమ్స్‌లో 14, 17, 19 ఏళ్ల లోపు విభాగాలు ఉంటయి. ఇక్కడే మనవాళ్లు దెబ్బతింటారు. ఇంట్లో పుట్టిన పిల్లకి జనన ధ్రువపత్రం లేదు, బడిలో చేరేటప్పుడు టీచర్ జూన్ నెలలో ఏదో ఒక తేదీ వేశారు, ఆధార్‌లో ఇంకోటి. సెలక్షన్ బల్ల దగ్గర తిప్పి పంపుతారు. కులధ్రువీకరణ పత్రానిదీ అదే కథ. కాబట్టి ప్రతి పిల్లకీ ఒక ప్లాస్టిక్ కవర్ పెట్టండి. జనన పత్రం, ఆధార్, బోనఫైడ్, ఆడిన ప్రతి పోటీ కాగితం అందులో. తప్పులుంటే సెలక్షన్ వారం ముందు కాదు, ఇప్పుడే దిద్దించాలి. వాలీబాల్ నేర్పడంలో ఇది కూడా ఉందా అంటే, ఏజెన్సీలో సగం ఇదే.

చివరిగా జాగా. కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. చుట్టూ మూడు మీటర్లు వదిలితే 24 ఇంటు 15. అంటే తొమ్మిది సెంట్లు, గుంటల్లో మూడున్నర. ఇంత చిన్న జాగా కూడా చాలా గూడేల్లో కాగితం మీద ఊరిది కాదు. అటవీ శాఖ గుంతలు తవ్వి మొక్కలు పెడితే ఆట అయిపోయినట్టే. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2)లో గ్రామసభ సిఫారసుతో, హెక్టారు లోపు అటవీ భూమిని ఊరి అవసరాలకు ఇవ్వొచ్చని పదమూడు రకాలు రాశారు. బడి, అంగన్‌వాడీ, రోడ్డు, చెరువు, కమ్యూనిటీ హాలు ఉన్నయి. ఆటస్థలం అన్న మాట లేదు. రాసినవాళ్లకి తోచలేదు కాబోలు. కానీ బడి ఉంది, సామాజిక భవనం ఉంది. వాటి ప్రతిపాదన రాసేటప్పుడు ఆవరణలో కోర్టు కూడా గీసి పెట్టండి. పాతకాలం నుంచి ఊరంతా వాడుకుంటున్న జాగా అయితే సామూహిక హక్కుల క్లెయిమ్‌లో చేర్చండి. పెద్దల వాంగ్మూలం రాతలో ఉంటే అది సాక్ష్యంగా పనికొస్తది. గుంజల కోసం టేకు మాత్రం ముట్టుకోకండి, ఆట మొదలవ్వకముందే కేసు మొదలవుతది. వెదురు వాడండి. ఆ చట్టం ప్రకారం వెదురు చిన్న తరహా అటవీ ఉత్పత్తే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి గ్రామసభ పెట్టినప్పుడు ఎజెండాలో ఒక అంశం చేర్పించండి: ఊరి వాలీబాల్ క్లబ్, దాని జాగా, నేర్పే ఇద్దరి పేర్లు. ఇద్దరిలో ఒకరు ఆడవాళ్లు. తీర్మానం రిజిస్టర్‌లో రాయించి ఫోటో తీసి పెట్టుకోండి. పోలీసులో, ఎమ్మెల్యేనో, స్వచ్ఛంద సంస్థో బంతి ఇస్తే తీసుకుని క్లబ్ పేరు మీద రాసుకోండి, పిల్లల ఫోటోలు అడిగితే ఇంటివాళ్లని అడగమనండి. మీ పంచాయతీలో ఇప్పటికే ఇట్లా నేర్పుతున్న అన్నలు, అక్కలు ఉంటే వాళ్లు ఏ రోజుల్లో, ఎంతమంది పిల్లలకి, ఏ ఇబ్బందులతో నడుపుతున్నారో రాసి పంపండి. మిగతా ఊళ్లకి వాళ్ల పద్ధతి తెలియాలి. తునికాకు మొదలవ్వడానికి ముందే పంపితే మంచిది, ఆ తర్వాత మనలో ఎవరికీ తీరిక ఉండదు.